ఒకే పీట మీద రెండు డిస్కులు

నాందేడ్,
జనవరి 11.

అక్కకు, బావకు నమస్కారాలు.

ఇక్కడ నేను, నళిని బాగున్నాం. ధర్మాబాద్‌లో మామ కూడా బాగున్నాడు. అకోలాలో మీ ఇద్దరి ఆరోగ్యం కుదురుగా ఉందని నీ ఉత్తరం వల్ల తెలిసి నిశ్చింత కలిగింది.

ఉత్తరం డిసెంబరు ఇరవై తొమ్మిదిన చేరింది. ఫోన్‌లో అడిగితే నేను మాట మారుస్తున్నానని, అందుకే కాగితం మీద అడుగుతున్నానని రాశావు. నిజమే. దీపావళి తర్వాత నువ్వు నాలుగుసార్లు అడిగావు. నాలుగుసార్లూ మార్చాను. ప్రశ్నలకు నంబర్లు కూడా వేసి పంపావు. ముప్పై రెండేళ్ళు బడిలో పని చేసిన చెయ్యి అని తెలుస్తోంది.

నీ మొదటి ప్రశ్న: పాటలన్నీ భద్రంగా ఉన్నాయా, హైదరాబాదు నుంచి జానపద సాహిత్యం వాళ్ళు నెలాఖరుకు వస్తున్నారు, ముత్తెమ్మ ఇసుర్రాయి పాటతో మొదలుపెట్టి వినిపించాలనుకుంటున్నాను, డిస్కు ఎప్పుడు పంపుతావు? దీనికి జవాబు చివర రాస్తాను. ముప్పై ఏళ్ళుగా ముఖ్యమైన సంగతిని మొదటి వాక్యంలో పెట్టి వార్తలు పంపుతున్నాను. కొత్తగా చేరే విలేకరులకూ అదే చెబుతాను. ఈసారి నా వల్ల కాలేదు.

రెండో ప్రశ్న నళిని మోకాలు. ఎక్స్‌రే తీయించాం. అరుగుదల మొదలైంది, ఆపరేషన్ అక్కర్లేదన్నారు. కింద కూర్చోవద్దన్నారు. ఆమె పీట వేసుకుని కూర్చుంటోంది. అది కింద కూర్చోవడం కాదని ఆమె వాదన.

మూడోది మామ చెవులు. మిషన్ కొన్నాం. రెండు రోజులు పెట్టుకుని, తీసి మిరపకాయల దుకాణంలో గల్లాపెట్టెలో వేశాడు. ఎందుకని అడిగితే, "గిరాకీలు తిట్టేటియి అన్ని ఇనవడుతున్నయ్ రా. ముందుగాల సుకముండె" అన్నాడు.

నాలుగోది నాన్న గార్డు లాంతరు. రైల్వే వారోత్సవాల్లో పెడతానని బావ అడిగాడు కదా, తప్పకుండా తీసుకువెళ్ళవచ్చు. ఒకవైపు అద్దం పగిలి ఉంది. అది పాత పగులే.

ఐదో ప్రశ్న పిల్లి. దీపావళి వెళ్ళాక భావుబీజ్ పండుగకు వచ్చినప్పుడు అది బక్కచిక్కి నీ కాళ్ళ చుట్టూ తిరిగిందని, నళిని దానికి పాలు ఎందుకు మానేసిందని అడిగావు. మానేసిన మాట నిజం. కారణం మొదటి ప్రశ్న జవాబులోనే ఉంది. అందుకని ఇక వరుసగా రాస్తాను. బావకు చదివి వినిపిస్తావు కాబట్టి నీకు తెలిసినవి కూడా రాస్తున్నాను.

పన్నెండేళ్ళు ఆదివారాలు నువ్వు బిలోలి, దెగ్లూర్ తాలూకాల ఊళ్ళు తిరిగి ముసలమ్మల దగ్గర తెలుగు పాటలు రికార్డు చేశావు. మొత్తం రెండు వందల మూడు. ఎవరు పాడారు, ఏ ఊరు, ఏ తేదీ, ఎన్ని నిమిషాలు అన్నది నీ రిజిస్టర్‌లో ఉంది. మూడేళ్ళ కింద నీ కంప్యూటర్ చెడిపోతే అందులోంచి పాటలు బయటికి తీయించింది నేనే. ఆ రోజు నీకు గంటసేపు పాఠం చెప్పాను. ఒక్క చోట ఉన్నది ఉన్నట్టు కాదన్నాను. రెండు హార్డ్ డిస్కులు కొని, రెంటిలోనూ పాటలు ఎక్కించి, ఈ రెండూ ఎప్పుడూ ఒక కప్పు కింద ఉండకూడదన్నాను. "అయితె నీ కాడనే ఉండనీ రా, నాతోని కాదు గీ కథంత" అన్నావు.

అప్పటినుంచి పద్ధతి ఇది. ఒక డిస్కు నా బల్ల సొరుగులో. రెండోది ధర్మాబాద్‌లో మామ దుకాణంలో, ఇనప్పెట్టెలో. ప్రతి నెలా మొదటి ఆదివారం నా కంప్యూటర్‌లోని కొత్త ఫైళ్ళన్నీ ఇంట్లో ఉన్న డిస్కులోకి ఎక్కించి, రైల్లో వెళ్ళి దాన్ని మామకు ఇచ్చి, ఆయన దగ్గరున్నది తెచ్చుకునేవాణ్ణి. రెండూ కలిసేది మామ దుకాణంలో నేను చాయ్ తాగినంతసేపే. మూడేళ్ళలో ఒక్క నెల తప్పలేదు. జూన్‌లో లాప్‌టాప్‌లో చోటు చాలక నీ పాటలను అందులోంచి తీసేశాను. డిస్కులు రెండున్నాయి కదా అనుకున్నాను.

సెప్టెంబరు చివర నళిని పూజకు సామాన్లు సర్దుతూ అంది: "మామ కాడున్న డబ్బ గూడ తెండ్రి. అది గూడ మనింటి ఆయుధమే గద. పోయినేడు దానికి పూజ గాలే."

నాకూ సబబే అనిపించింది. ఖండేనవమికి, అంటే ఆయుధపూజ నాడు, ఇంట్లో పనిముట్టు ఏదీ పూజ తప్పకూడదన్నది అమ్మ పెట్టిన నియమం. నాన్న డ్యూటీలో ఉంటే స్టేషనుకు మనిషిని పంపి లాంతరును గంటసేపు ఇంటికి తెప్పించేది. ఆ మనిషివి నువ్వే కాబట్టి నీకు గుర్తుండాలి.

ధర్మాబాద్ వెళ్ళి అడిగితే మామ ఇనప్పెట్టె తాళం తీయకుండా నా ముఖం చూశాడు.

"నువ్వే గదరా రెండు ఒక్క కాడ ఉండొద్దన్నవ్? ఇయ్యాలేమైంది?"

"ఒక్క దినమే మామా. దసరా తెల్లారి తెచ్చిస్త."

"మూడేండ్లు మిరపకాయ బస్తాల నడుమ ఉన్నది. ఏం గాలే దానికి. పూజకని తీస్కపోయి ఏమన్న జేస్తవ్ చూడు" అన్నాడు. నవ్వాను.

అక్టోబరు ఒకటి, ఖండేనవమి. పెద్ద పీట మీద నాన్న లాంతరు, విజిల్, నా కెమెరా, లాప్‌టాప్, రెండు డిస్కులు, నళిని కుట్టుపని కత్తెర. అన్నిటికీ పసుపు కుంకుమ బొట్లు. మధ్యలో రాగి చెంబులో నీళ్ళు, మామిడాకులు. మర్నాడు దసరాకు బంగారమని సోనె ఆకు పంచుకునేదాకా వేటినీ ముట్టుకోకూడదు. సాయంత్రం నళిని పక్కింటి విమలాబాయితో కలిసి దేవి మండపానికి వెళ్ళింది. తిరిగి వచ్చేసరికి చెంబులో నీళ్ళు లేవు. పీట తడిగా ఉంది. పిల్లి పడేసిందని నళిని అంది. డిస్కులు రెండూ పని చేయలేదు.

వజీరాబాద్‌లో నందకిషోర్‌కు కంప్యూటర్ దుకాణం ఉంది. అతను రెంటినీ విప్పి చూసి, తన వల్ల కాదని, పాడైన డిస్కుల్లోంచి ఫైళ్ళు తీసే చోటికి పుణె పంపాడు. ఏడు వారాలు పట్టింది. భావుబీజ్ నాడు నువ్వు నాకు హారతి ఇస్తూ "పాటలు మంచిగున్నయా రా" అని అడిగినప్పుడు అవి పుణెలో ఉన్నాయి. "ఉన్నయ్ అక్కా" అన్నాను.

నవంబరు చివర ఫలితం వచ్చింది. ఒక డిస్కులోంచి ఏమీ రాలేదు. రెండోదానిలోంచి నూట ఎనభై ఒక్క పాటలు వచ్చాయి. ఇరవై రెండు రాలేదు. వచ్చినవాటిని నీ రిజిస్టర్ జిరాక్సు ముందు పెట్టుకుని, నిమిషాలు సరిచూస్తూ మొదటినుంచి చివరిదాకా విన్నాను. తొమ్మిది రోజులు పట్టింది. నువ్వు నా దగ్గర పెట్టిన మూడేళ్ళలో వాటిని వినడం అదే మొదటిసారి.

నీ రిజిస్టర్‌లో ప్రతి పాటకూ చివరి గడిలో 'ఇచ్చిన' అని ఒక మాట ఉంది. ఏమి ఇచ్చావో, ఎవరికి ఇచ్చావో నాకు తెలియదు. లేని ఇరవై రెండింటి జాబితా పట్టుకుని మొదట కుండల్‌వాడి వెళ్ళాను. అక్కడ జనాబాయి అనే ఆమె పాట ఒకటి పోయింది. వాకిట్లో ఇద్దరు కోడళ్ళతో కూర్చుని శనగకాయలు ఒలుస్తోంది.

"ఎవలు నువ్వు?"

"త్రివేణి టీచరమ్మ తమ్ముణ్ణి. మీ పాట మళ్ళొకపారి గావాలె."

"ఆమెకు ఇచ్చిన గద."

"అది పోయింది."

"ఎట్ల పోతది?"

"నా కాడ పెట్టింది. పోయింది."

ఆమె శనగకాయలు పక్కన పెట్టింది. "ఏం పని జేస్తవ్ బిడ్డా?"

"పేపర్ల రాస్త."

"రాసుడేనా? దాసుడు రాదా?"

కోడళ్ళిద్దరూ కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. ఆమె లోపలికి వెళ్ళి కుంకుమ భరిణె తెచ్చింది. అడుగున ప్లాస్టిక్ కాగితంలో చుట్టిన మెమరీ కార్డు ఉంది. అప్పుడు తెలిసింది. పాట రికార్డు చేశాక దాన్ని ఆ ఇంట్లో ఎవరో ఒకరి ఫోన్‌లోకో కార్డులోకో ఎక్కించి ఇస్తే గాని నువ్వు అక్కడినుంచి లేచేదానివి కాదు. నేను నీకు పాఠం చెప్పిన రోజు ఈ సంగతి నువ్వు చెప్పలేదు. నేను అడగలేదు.

కార్డు తీసుకోవడానికి చెయ్యి చాపాను. "నీ చేతికియ్య. నీ చెయ్యి ఎట్లుందో ఎరుకైంది. ఈడనే కూసొని ఎక్కించుకో, నా ముంగటనే" అంది. ఎక్కించుకున్నాను. పాట మొత్తం వినిపించాక గాని లేవనివ్వలేదు. అది సరైన పద్ధతి.

నెల రోజుల్లో పధ్నాలుగు ఊళ్ళు తిరిగాను. పదిహేడు పాటలు ఇలా ఫోన్లలో, కార్డుల్లో దొరికాయి. ఇంకో నాలుగింటికి కార్డులు లేవు గాని పాడినవాళ్ళు ఉన్నారు, మళ్ళీ పాడారు. వాటికి కొత్త తేదీలే వేశాను. మిగిలింది ఒకటి. నీ రిజిస్టర్‌లో నూట పన్నెండో నంబరు. మర్ఖేల్, ముత్తెమ్మ, ఇసుర్రాయి పాట, పదకొండు నిమిషాలు. ముత్తెమ్మ రెండేళ్ళ కింద పోయింది. పాట ఆమె కొడుకు పోచన్న ఫోన్‌లో ఉండేది. మోటరు బాగు చేస్తుంటే ఆ ఫోన్ బావిలో పడింది.

ఆ పాట గురించి ఇంకా రాయాల్సింది ఉంది. దానికి ముందు ఒక సవరణ. పేపర్లో తప్పు పడితే మర్నాడు సవరణ వేస్తాం. ఇది మూడు నెలలు ఆలస్యమైంది.

'పిల్లి పడేసిందని నళిని అంది' అని పైన రాశాను. ఆ వాక్యంలో అబద్ధం లేదు. ఆమె అంది. ఒకరు అన్నమాటను వాళ్ళు అన్నట్టే రాసి, అది తప్పని తెలిసీ ఊరుకోవడం మా వృత్తిలో అందరికీ వచ్చు. పిల్లి ఆ రోజు ఆ గదిలోకి రాలేదు. చెంబు పడేసింది నేను.

సాయంత్రం ఐదున్నరకు ఫోన్ వచ్చింది. కుండల్‌వాడి దారిలో వాగు వంతెన తెగింది, అరగంటలో వార్త పంపాలి. ఫోన్‌లోనే రాయవచ్చు. నాకు లాప్‌టాప్ అలవాటు. పూజలో ఉన్నదాన్ని లాగాను. దానికి తగిలించి ఉన్న ఛార్జర్ తీగ చెంబును పట్టుకుని వచ్చింది. లాప్‌టాప్ తడవలేదు. నీళ్ళన్నీ డిస్కుల మీద పోయాయి.

అక్కడ ఆగినా ఏమీ పోయేది కాదు. నేను ఒక డిస్కును తుడిచి, నడుస్తుందో లేదో చూద్దామని వెంటనే కంప్యూటర్‌కు తగిలించాను. దాని లైటు ఒకసారి వెలిగి ఆరింది. కాలిన వాసన వచ్చింది. తొందరలో ఎవరైనా చేసే తప్పు అనవచ్చు. తర్వాత చేసినదానికి ఆ మాట చెల్లదు. ఒకటి పోయింది కాబట్టి రెండోది ఉందని వెంటనే ఖాయం చేసుకోవాలనిపించింది. ఏ వార్తనైనా రెండో చోట అడిగి ఖాయం చేసుకోవడం నా అలవాటు. రెండోది కూడా తడిగా ఉందని తెలుసు. మొదటిదానికి ఏమైందో కళ్ళతో చూశాను. అయినా తగిలించాను. లైటు వెలగనే లేదు.

నందకిషోర్ వాటిని విప్పి ఒక్కటే అడిగాడు. "సాబ్, గీలా థా తబ్ లగాయా క్యా?" తడిగా ఉన్నప్పుడే తగిలించారా అని. అవునన్నాను. "పానీ నే నహీ మారా, ఆప్ నే మారా" అన్నాడు. నీళ్ళు చంపలేదు, మీరే చంపారని. నాలుగు రోజులు ముట్టుకోకుండా ఆరనిచ్చి తన దగ్గరికి తెస్తే బహుశా రెండూ బతికేవట.

ఇంకా ఉంది. డిస్కులను పీట మీద ఉన్నచోటే పెట్టాను. బొట్లు చెరిగిపోయాయి. కుంకుమ భరిణె తీసి నా వేలితో మళ్ళీ పెట్టాను. చెంబు నిలబెట్టాను, నీళ్ళు నింపడం మర్చిపోయాను. వార్త ఫోన్‌లోనే రాసి పంపాను. ఆరు వాక్యాలు పట్టింది. నళిని వచ్చి చెంబులోకి చూసి "గీ పిల్లే" అంది. వెనక నుంచి విమలాబాయి "మాంజరచ్ అసణార్" అని మరాఠీలో అదే అంది. ఇద్దరు సాక్షులు చెప్పినదాన్ని నేను ఖండించలేదు. మర్నాటినుంచి పిల్లికి పాలు బంద్.

నళినికి మొన్న శుక్రవారం చెప్పాను. బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. ఏరడం ఆపలేదు.

"మూడు నెలలు నాతోని దాన్ని తిట్టిచ్చిండ్రా? ఒక్కపారన్న నోరు రాలేదా మీకు?"

"రాలేదు."

"అక్కకు గిట్ల రాస్తున్నరా?"

"రాస్త."

"నేను పిల్లి అన్ననని రాయకుండ్రి. నవ్వుతది." కొంచెంసేపు ఏరింది. "కాదు, రాయుండ్రి. నేనన్నది అన్నట్టే రాయుండ్రి. మీరు జేసింది గూడ జేసినట్టే రాయుండ్రి. డబ్బ తెమ్మన్నది నేనే, అది గూడ రాయుండ్రి."

తర్వాత లేచి గిన్నెలో పాలు పోసి గడప దగ్గర పెట్టింది. పిల్లి ఆ రోజు రాలేదు. నిన్న వచ్చింది.

తెమ్మన్నది ఆమె అయినా తెచ్చింది నేను. రెండూ ఒక చోట ఉండకూడదన్న నియమం నాది, దాన్ని మీరింది నేను. పూజకు ఇందులో దోషం లేదు. పూజ నియమం ప్రకారం మర్నాటిదాకా ముట్టుకోకుండా ఉన్నా పాటలు ఉండేవి.

ఈ పార్సెల్‌లో కొత్త డిస్కు ఉంది. అందులో రెండు వందల రెండు పాటలున్నాయి, అన్నీ విని చూశాను. ఇలాంటిదే ఇంకొకటి మామ ఇనప్పెట్టెలో పెట్టాను. తాళం వేస్తూ మామ, "వచ్చే దసరాకు దీన్ని ఇయ్య. పూజ ఈడనే జేస్త, నువ్వే రా" అన్నాడు. లాప్‌టాప్‌లో కూడా ఒక కాపీ ఉంది, చోటు కోసం నా పాత ఫొటోలు తీసేశాను. నువ్వు డిస్కును కంప్యూటర్‌కు తగిలించి, ముందు మరో కాపీ తీసుకుని, అప్పుడు విను. కోపం వస్తే ఫోన్ చెయ్యి. ఈసారి మాట మార్చను.

ఇక నూట పన్నెండో నంబరు. మర్ఖేల్‌లో పోచన్న ఇంటి ఎదురుగా ఎంకవ్వ ఉంటుంది. ఎనభై దాటాయి. ఇసుర్రాయికి అవతలి పక్క కూర్చుని ముత్తెమ్మకు వంత పాడేది ఈమేనని పోచన్న చెప్పాడు. నీ రికార్డులో రెండో గొంతు ఈమెది. గురువారం వెళ్ళి పాట మొత్తం పాడమని అడిగాను.

"నాకెట్లొస్తది? ముంగట జెప్పుడు ఆమెది. అందుకునుడు నాది" అంది.

"ఇన్నేండ్లు ఇన్నవ్ గదా అవ్వా?"

"ఇంటె నోట్లెకొస్తదా? నా నోట్ల నాదే ఉన్నది."

పోచన్న బతిమాలాడు. "పాడరాదే పెద్దవ్వ, నాందేడ్ కెల్లి అచ్చిండు."

"అచ్చిండు, ఉన్న పాట పోగొట్టుకొని అచ్చిండు." నా వైపు తిరిగింది. "నాది పాడుత. గావాల్నంటె పట్టుకో."

ఇసుర్రాయి ఇప్పుడు గోడ పక్కన ఉంది, దాని మీద కుండ బోర్లించారు. కుండ తీయించింది. రాయి ముందు కూర్చుని, లేని పిడి మీద చెయ్యి పెట్టినట్టు పెట్టింది. కొంతసేపు ఏమీ పాడలేదు. తర్వాత "ఔనే వదినా, ఔనే" అని ఒక్క పాదం పాడి ఆగిపోయింది. మర్చిపోయిందనుకుని రికార్డరు ఆపబోయాను. ఆమె చెయ్యి తిరుగుతూనే ఉంది. ఒక పాదం పాడేంతసేపు గడిచాక మళ్ళీ "ఔనే వదినా, ఔనే" అంది. మళ్ళీ ఆగింది. ముత్తెమ్మ పాదానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు ఆగి తన పాదం అందుకుంటోంది. కొన్నిచోట్ల ఎక్కువసేపు ఆగింది. ఒకచోట ఊరికే ఉండి, మధ్యలో నవ్వింది. అక్కడ ముత్తెమ్మ ఏం పాడేదో నాకు తెలియదు. నువ్వు ఎదురుగా కూర్చుని విన్నావు కాబట్టి నీకు తెలిసి ఉండవచ్చు.

చివర చెయ్యి ఆపి, "అయిపోయింది, ఆమె గింతే పాడేది" అంది.

డిస్కులో చివర విడిగా పెట్టిన ఆ ఫైలుకు నూట పన్నెండు అని నంబరు వేయలేదు. ఎంకవ్వ, మర్ఖేల్, జనవరి ఎనిమిది అని వేశాను. మధ్యలో ఖాళీలను కత్తిరించలేదు. నిడివి పదకొండు నిమిషాల నాలుగు సెకన్లు.

ఇట్లు,
నీ తమ్ముడు
జగదీశ్వర్